ఎగిరే విమానానికి ఇంధనం

బాన్సువాడ నుంచి బోధన్ దారిలో రెండు సైకిళ్లు పక్కపక్కనే ఒకే వేగంతో పోతుంటే, ఒకరి చేతిలోని చెరకు ముక్కను మరొకరు సులువుగా అందుకోవచ్చు. వారి సాపేక్ష వేగం సున్నా కదా!

1958-59లో అమెరికాలో టిమ్, కుక్ అనే ఇద్దరు ఒక చిన్న సెస్నా విమానాన్ని 64 రోజులకు పైగా దించకుండా నడిపారు. రోడ్డు మీద అదే వేగంతో పరుగెత్తే ట్రక్కు నుంచి గొట్టాన్ని పైకి లాగి పెట్రోలు నింపుకునేవారు. ఆ ట్రక్కు డ్రైవరు గుండెనిబ్బరం ఎంతటిదో!

మన తేజస్ 2018 సెప్టెంబరు 10న 20,000 అడుగుల ఎత్తున, గంటకు 500 కి.మీ. వేగంతో పోతూ ఐఎల్-78 ట్యాంకరు నుంచి 1,900 కిలోల ఇంధనం తీసుకుంది. ట్యాంకరు వదిలిన గొట్టం చివర గరాటు గాలికి ఊగుతుంటుంది. తేజస్ ముక్కు పక్కనున్న కడ్డీని పైలట్ అందులో దూర్చాలి. మెల్లగా వస్తే కడ్డీ బిగియదు. దూకుడుగా వస్తే గొట్టం కొరడాలా ఊగి కడ్డీ విరగవచ్చు. అందుకే ఆ క్షణంలో సాపేక్ష వేగం గబగబా నడిచే మనిషి వేగమంతే ఉంచుతారు.