మార్జినల్ రిలీఫ్

కొత్త పన్ను విధానంలో 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి రూ.12 లక్షల ఆదాయం వరకు పన్ను లేదు. మరి రూ.12,10,000 వస్తే? శ్లాబుల లెక్కన రూ.61,500 కట్టాలి. పదివేలు ఎక్కువ సంపాదించిన పాపానికి అరవై వేలు వదిలించుకోవడమన్నమాట! అలా జరగకుండా, పన్నును ఆ అదనపు రూ.10,000కే పరిమితం చేసే వెసులుబాటే మార్జినల్ రిలీఫ్. దానిపై 4 శాతం సెస్సు, అంటే రూ.400 మాత్రం తప్పదు. పెరిగిన ఆదాయమంతా పన్నుకే పోగా, చేతి నుంచి మరో నాలుగు వందలు పడతాయి. ఓవర్‌టైమ్ చేసినవారికి ఇదేం ఊరటో! ఆదాయం సుమారు రూ.12.70 లక్షలు దాటితే ఈ వెసులుబాటూ ఉండదు. ఉద్యోగులకైతే రూ.75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా మిగిలిన ఆదాయానికే ఈ లెక్క.