నంద్యాల సభ నుంచి కె.సి. కాలువ దాకా

ఏమి చెడింది, అందుకు బాధ్యులెవరు అన్న రెండు ప్రశ్నలతోనే వార్త ముగుస్తుందని పాత్రికేయ వృత్తి చాలాకాలం భావించింది. వాటిని విడవకుండానే, ఇకమీదట ఏమి చేయవచ్చు, ఇదే చిక్కును మరొకచోట ఎలా తీర్చుకున్నారు, ఆ ఉపాయంలో లోపాలేమిటి అని ఆధారాలతో విచారించే పద్ధతిని నిర్మాణాత్మక పాత్రికేయం అంటారు. డెన్మార్క్ సంపాదకుడు ఉల్రిక్ హాగరప్ దీనికి ప్రచారం కల్పించి, 2017లో ఆర్హుస్ నగరంలో ఒక సంస్థను నెలకొల్పారు. జర్మనీలోని బాన్ నగరంలో పాత్రికేయులూ పౌరులూ కలిసి పాల్గొనే ఉత్సవం కూడా జరిగింది. అటువంటి చోట ప్రధానమైనది ప్రజా సంవాదం, అంటే అభిప్రాయభేదం ఉన్నవారు ఒకరి వాదాన్ని ఒకరు పూర్తిగా విని, ఒప్పుకోగలిగినంత మేర ఒప్పుకోవడం.

కరువుకో ముఠాకక్షలకో జతపడి తప్ప పత్రికల్లో అరుదుగా కనిపించే కర్నూలు, కడప సీమకు ఈ సంవాదం కొత్తది కాదు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన నాటినుంచి ఈ ప్రాంతం దత్త మండలాలుగానే వ్యవహారంలో ఉండేది. ఒకరు మరొకరికి ఇచ్చేసిన నేల అని పలికిన ప్రతిసారీ గుర్తుచేసే ఆ పేరును 1928 నవంబరులో, అప్పటి కర్నూలు జిల్లాలోని నంద్యాలలో, ఆంధ్ర మహాసభతోపాటు జరిగిన దత్త మండలాల సమావేశం తోసిపుచ్చింది. కడప కోటిరెడ్డి అధ్యక్షత వహించిన ఆ సభలో చిలుకూరి నారాయణరావు సూచించిన రాయలసీమ అన్న మాట స్థిరపడింది. పేరు మారినంత మాత్రాన వాన కురవదు గానీ, ఒక ప్రాంతాన్ని ఏ మాటతో పిలుస్తారో ఆ మాటలోనే దానిపట్ల చూపు ఉంటుంది కనుక, పాత్రికేయం నేర్వవలసిన తొలి పాఠం ఆ సభలోనే ఉంది.

అంతకన్నా లోతైన ఉదాహరణ శ్రీబాగ్ ఒడంబడిక. ప్రత్యేకాంధ్ర రాష్ట్రం వస్తే కోస్తా జిల్లాలదే పైచేయి అవుతుందని సీమ నాయకులు శంకిస్తున్న రోజుల్లో, ఆంధ్రపత్రిక స్థాపకులు కాశీనాథుని నాగేశ్వరరావు మద్రాసులోని తమ ఇంట్లో ఉభయ పక్షాలనూ కూర్చోబెట్టగా, 1937 నవంబరు 16న ఒప్పందం కుదిరింది. కృష్ణ, తుంగభద్ర, పెన్న జలాల్లో సీమకూ నెల్లూరుకూ పదేళ్లపాటు ప్రాధాన్యం, విశ్వవిద్యాలయ కేంద్రాల్లో ఒకటి అనంతపురంలో, రాజధాని హైకోర్టులలో ఒకదాన్ని ఎంచుకునే హక్కు సీమకు దక్కాలని అందులో రాసుకున్నారు. తగవును అచ్చు వేసే పత్రికాధిపతే తగవు తీర్చే చావడికి ఆతిథ్యమివ్వడం ఇక్కడ గమనించదగినది.

1953 అక్టోబరు 1న ప్రత్యేకాంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది, 1956లో ఆ హోదా హైదరాబాదుకు పోయింది. నీటి మాట మాత్రం తీరలేదు. 2016 మే 31న సిద్ధేశ్వరం దగ్గర కృష్ణపై అలుగు కట్టాలని వేలాది రైతులు తామే శంకుస్థాపనకు కదిలారు. ఒప్పందం నాడూ ఉద్యమం నాడూ హాజరైన పత్రికలు, ఆ నడుమ దశాబ్దాల్లో షరతుల అమలును ఏటేటా లెక్కగట్టి ఉంటే సంవాదం తెగిపోయేది కాదు. ఈ లోటు నిజంగా బాధాకరం.

పత్రికారచన కారణంగా జైలుకు వెళ్లిన కర్నూలు బిడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావు తర్వాతి జీవితాన్ని గ్రంథాలయాలకూ వయోజన విద్యకూ ధారపోశారు. చదువురాని రైతు కూడా చర్చలో నిలవాలన్నదే అందులోని అంతరార్థం. అందుకే సీమలో బాన్‌లో జరిగినటువంటి ఉత్సవం జరిపితే దానికి తగిన చోటు సుంకేసుల నుంచి కర్నూలు, నంద్యాల మీదుగా కడప దాకా సాగే కె.సి. (కర్నూలు-కడప) కాలువ గట్టు. మొదటి ఆయకట్టు రైతు, చివరి ఆయకట్టు రైతు, నీరు వదిలే ఇంజినీరు ఒకే చాపపై కూర్చుని మాట్లాడితే, విలేకరి ఆనాటి మాటలన్నీ రాసుకుని, మరుసటి కారు నాట్లవేళ చివరి తూము దగ్గరికి మళ్లీ వెళ్లి నీరు వచ్చిందో లేదో చూసి రాయవలసి ఉంటుంది.