ఇచ్చిన వివరాలు చాలునా?

నేను ఉపాధ్యాయుడిగా కొత్తగా చేరిన రోజుల మాట. ఆగస్టు 15 కవాతుకు పిల్లలను సిద్ధం చేస్తున్నాం. డ్రిల్లు మాస్టారు పిల్లలను వరుసకు నలుగురు చొప్పున నిలబెట్టారు. ఎవరూ మిగల్లేదు. ఆరుగురు చొప్పున నిలబెట్టారు. అప్పుడూ ఎవరూ మిగల్లేదు. "24 మంది చొప్పున దళాలు చేస్తే సరిగ్గా సరిపోతారా మాస్టారూ?" అని నన్నడిగారు. నాలుగార్లు ఇరవైనాలుగు కదా! "నిక్షేపంగా సరిపోతారు" అనేశాను. తీరా నిలబెడితే ఏడు దళాలు తయారై, పన్నెండుమంది పిల్లలు పక్కన మిగిలిపోయారు. మొత్తం 180 మంది మరి! సైన్సు, లెక్కలు చెప్పే మనిషిని ఇలా అన్నానేమిటా అని ఆ పూటంతా సిగ్గుపడ్డాను.

పొరపాటు ఎక్కడ జరిగింది? ఒక చిన్న ముచ్చట చెబుతాను. తీర్థానికి వెళ్లొచ్చిన ఒకాయన "ఇద్దరు తలపాగావాళ్లను చూశాను" అన్నాడు. ఇంకొకాయన "ఒక తలపాగా మనిషిని, ఒక గొడుగు మనిషిని చూశాను" అన్నాడు. తీర్థంలో తలపాగావాళ్లు ముగ్గురున్నారని మీరు చెప్పగలరా? చెప్పలేరు. రెండో ఆయన చూసిన మనిషి, మొదటి ఆయన చూసిన ఇద్దరిలో ఒకడే కావచ్చు. కనీసం ఇద్దరున్నారు, అంతవరకే మనకు తెలుసు.

ఇప్పుడు తలపాగా బదులు 2, గొడుగు బదులు 3 అనుకోండి. 4 = 2 × 2. 6 = 2 × 3. ఒక సంఖ్యను 4 నిశ్శేషంగా భాగిస్తే, ఆ సంఖ్యలో కనీసం రెండు 2లు ఉన్నాయన్నమాట. 6 భాగిస్తే కనీసం ఒక 2, ఒక 3 ఉన్నాయన్నమాట. రెండూ కలిపితే కచ్చితంగా తెలిసేది 2 × 2 × 3, అంటే 12 మాత్రమే. 24 కు మూడు 2లు కావాలి. ఆ మూడో 2 ను ఎవరూ చూడలేదు, నేను ఉందనుకున్నాను! 180 = 2 × 2 × 3 × 3 × 5. అందులో 2లు రెండే.

మీరు 180 ని 18 × 10 గా విడగొట్టినా, 12 × 15 గా విడగొట్టినా చివరకు వచ్చే ప్రధాన సంఖ్యలు ఇవే. ఈ సంగతికి ఆధారమైన సూత్రం క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ రాసిన 'ఎలిమెంట్స్' ఏడవ భాగంలోనే ఉంది. రెండు సంఖ్యల లబ్ధాన్ని ఒక ప్రధాన సంఖ్య భాగిస్తే, ఆ రెండింటిలో కనీసం ఒకదాన్ని అది భాగించి తీరుతుందని ఆయన నిరూపించాడు. 1801 లో గౌస్ దీన్ని పూర్తి సిద్ధాంతంగా స్పష్టంగా చెప్పి నిరూపించాడు.

పోటీ పరీక్షల్లో ఒక తరహా ప్రశ్నలుంటాయి. వాటిలో జవాబు కనుక్కోమని అడగరు. జవాబు చెప్పడానికి ఇచ్చిన వివరాలు చాలునా అని అడుగుతారు. డ్రిల్లు మాస్టారి ప్రశ్నకు అసలు జవాబు "ఈ వివరాలు చాలవు" అని. ఇటువంటిదే ఒకటి చూద్దాం. ఈ లెక్కల్లో 'క' అంటే ఒక ధన పూర్ణసంఖ్య.

'క' ను 72 నిశ్శేషంగా భాగిస్తుందా? మొదటి వివరం: 12 భాగిస్తుంది. రెండో వివరం: 18 భాగిస్తుంది.

72 కు మూడు 2లు, రెండు 3లు కావాలి. 12 లో రెండు 2లు, ఒక 3 ఉన్నాయి. 18 లో ఒక 2, రెండు 3లు ఉన్నాయి. ఒక్కొక్క ప్రధాన సంఖ్యకు ఎక్కువసార్లు చూసినవాడి మాటే తీసుకోవాలి, రెండూ కూడరాదు. కాబట్టి రెండు 2లు, రెండు 3లు: 36. (మీరు క.సా.గు. కట్టేటప్పుడు చేసేది ఇదే.) చాలవని ఎలా రూఢి చేసుకోవాలి? 36 తీసుకోండి, రెండు వివరాలూ సరిపోతాయి, జవాబు "కాదు". 72 తీసుకోండి, జవాబు "అవును". రెండు రకాల జవాబులూ వచ్చాయంటే వివరాలు చాలవు. మొదటి వివరంలో 12 బదులు 24 ఉంటే? మూడో 2 దొరికింది. అప్పుడు రెండూ కలిపితే చాలు.

ఇక్కడ మా పిల్లలు తరచు తడబడే చోటొకటుంది. 'క' ను 12 భాగిస్తుందా అన్నది ప్రశ్న. 'క' ను 4 తో భాగిస్తే శేషం 2 అని ఇచ్చారు. "భాగించదు కాబట్టి చాలదు" అని రాస్తారు. పొరపాటు! 'క' లో ఒకే ఒక్క 2 ఉందని తెలిసింది, కనుక 12 ఎన్నటికీ భాగించదు. కచ్చితంగా "కాదు" అని చెప్పగలిగినా వివరాలు చాలినట్లే.

వర్గాల సంగతి ఇంకా బాగుంటుంది. 'క' వర్గాన్ని 72 భాగిస్తుంది. 'క' ను 12 భాగిస్తుందా? చాలదనిపిస్తుంది కదూ? వర్గంలో ప్రతి ప్రధాన సంఖ్యా సరిసంఖ్యలోనే ఉంటుంది, ఎందుకంటే 'క' లో ఉన్నవన్నీ రెండింతలవుతాయి. 72 వల్ల వర్గంలో కనీసం మూడు 2లు ఉన్నాయని తెలుసు. మూడు బేసి కనుక నాలుగైనా ఉండి తీరాలి. అంటే 'క' లో రెండు 2లు. 3లు వర్గంలో కనీసం రెండు, అంటే 'క' లో ఒకటి. 2 × 2 × 3 = 12. వివరం చాలు! ఎవరూ చూడని 2 ను ఈసారి ఊహతో కాదు, తర్కంతో పట్టుకున్నాం.

ఇక ఒకటి మీకు వదిలేస్తాను. 'క' ఘనాన్ని 16 భాగిస్తుంది. 'క' ను 4 భాగిస్తుందని చెప్పడానికి ఇది చాలునా? 8 భాగిస్తుందని చెప్పడానికో?

అన్నట్టు, ఆ రోజు డ్రిల్లు మాస్టారు నన్ను మరేమీ అడగకుండా పిల్లలను 12 మంది చొప్పున 15 దళాలు చేసి నడిపించేశారు.