మాండలిక పదకోశ వెబ్ అనువర్తనంలో దత్తాంశ వినిమయం: అబ్జర్వబుల్ పద్ధతి

వ్యాససంగ్రహం:
మాండలిక పదసేకరణను వెబ్ అనువర్తనంగా మలిచినప్పుడు తెరపైని వేర్వేరు భాగాలు ఒకే సమాచారాన్ని పంచుకోవలసి వస్తుంది. అందుకు ఆంగ్యులర్ చట్రంలోని అబ్జర్వబుల్ ఎలా తోడ్పడుతుందో చోడవరం ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: మాండలికం, వృత్తిపదాలు, అబ్జర్వబుల్, కాంపొనెంట్, సర్వీసు, చోడవరం.

1. సమస్య స్వరూపం

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకు సంబంధించినది. అచ్చుపుస్తకంలో పదమూ, అర్థమూ, ప్రాంతమూ ఒకే పుటలో స్థిరంగా ఉంటాయి. వెబ్ అనువర్తనంలో అవి వేర్వేరు భాగాలుగా విడిపోతాయి. ఈ భాగాలనే కాంపొనెంట్లు అంటారు.

చెఱకు సాగుకూ బెల్లం తయారీకీ పేరుపొందిన చోడవరం పరిసరాల నుంచి గానుగ, పెనం, దిమ్మ వంటి పదాలను సేకరించి ఒక అనువర్తనంలో చేర్చారని అనుకోవచ్చు. అందులో ఊరిని ఎంచుకొనే పెట్టె ఒక కాంపొనెంట్. పదాల పట్టిక, పటం, ఉటంకింపు మరో మూడు. పరిశోధకుడు చోడవరం నుంచి మాడుగులకు మారినప్పుడు పట్టిక మారి, ఉటంకింపులో మాత్రం చోడవరమే మిగిలితే, ఆ తప్పు నేరుగా సిద్ధాంతగ్రంథంలోకి చేరుతుంది. అచ్చుతప్పును చదువరి పసిగట్టగలడు. ఈ తప్పులో మాత్రం ప్రతి అక్షరమూ సరిగానే ఉంటుంది కనుక పరీక్షకుడికీ అందదు. ప్రతి కాంపొనెంటూ ఊరి పేరుకు సొంత నకలు దాచుకోవడమే దీనికి మూలం.

2. చందా పద్ధతి

తల్లి కాంపొనెంటు నుంచి పిల్ల కాంపొనెంటుకు సమాచారాన్ని నేరుగా అందించవచ్చు. పటం, ఉటంకింపు వంటి తోబుట్టువుల మధ్య ఆ దారి చుట్టుతిరుగుడు అవుతుంది. అందుకే విలువను ఒక ఉమ్మడి సర్వీసులో ఉంచి, కావలసిన కాంపొనెంట్లన్నీ దానికి చందా కట్టే ఏర్పాటు చేస్తారు. విలువ మారిన ప్రతిసారీ చందాదారులందరికీ కబురు అందుతుంది. ఈ కబుర్ల ప్రవాహమే అబ్జర్వబుల్. దీన్ని ‘పరిశీలనీయం’ అని అనువదిస్తే ‘పరిశీలించదగినది’ అనే అర్థమే ముందుకు వస్తుంది. పత్రికలతో పరిచయమున్న ‘చందా’ అన్న మాటే దీని పనితీరుకు దగ్గరగా ఉంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఎరిక్ గామా, రిచర్డ్ హెల్మ్, రాల్ఫ్ జాన్సన్, జాన్ వ్లిసిడెస్ 1994లో ప్రచురించిన డిజైన్ ప్యాటర్న్స్ గ్రంథంలో ‘అబ్జర్వర్’ ఒక నమూనా. మైక్రోసాఫ్ట్‌లో ఎరిక్ మైయర్ బృందం దీన్ని ప్రవాహాలకు విస్తరించింది. 2016లో వచ్చిన ఆంగ్యులర్ 2, ఆర్ఎక్స్‌జేఎస్ గ్రంథాలయం ద్వారా దీన్ని స్వీకరించింది.

ఇక్కడ ఒక భేదం ముఖ్యం. ‘సబ్జెక్ట్’ అనే రకం, చందా కట్టిన తరువాత వచ్చే విలువలనే అందిస్తుంది. పటం ఆలస్యంగా తెరుచుకుంటే, అంతకుముందే ఎంచుకున్న ఊరు దానికి తెలియదు. ఖాళీ పటం కనిపిస్తుంది. ‘బిహేవియర్ సబ్జెక్ట్’ తాజా విలువను దాచి ఉంచుకొని, కొత్త చందాదారుకు వెంటనే అందిస్తుంది. మాండలిక అనువర్తనానికి ఇదే తగినది. విలువను మార్చే హక్కు సర్వీసుకే ఉండాలి, కాంపొనెంట్లకు చదివే వీలు మాత్రమే ఇవ్వాలి. లేకపోతే తప్పు ఎక్కడ పుట్టిందో వెదకడం గగనమవుతుంది.

సర్వీసును ప్రతి కాంపొనెంటులోనూ విడివిడిగా నమోదు చేయడం కొత్తవారు తరచు చేసే పొరపాటు. అప్పుడు దేని సర్వీసు దానికే ఏర్పడి, పాత నకళ్ల సమస్య మరో రూపంలో తిరిగివస్తుంది. తెర నుంచి తొలగిన కాంపొనెంటు చందాను రద్దు చేయకపోతే జ్ఞాపకస్థలం వృథా అవుతుంది. ‘ఎసింక్ పైప్’ వాడితే ఆ రద్దు దానంతటదే జరుగుతుంది.

3. ప్రవాహంలో ఏది ఉండాలి?

ఈ ప్రశ్నకు జవాబు ప్రోగ్రామరు కన్నా భాషాపరిశోధకుడే చెప్పగలడు. 2022 ఏప్రిల్ 4 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉన్న చోడవరం ఆ రోజు నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ప్రవాహంలో జిల్లా పేరును కూడా చేర్చి, సర్వీసులో ఒక్కసారి మారిస్తే అన్ని కాంపొనెంట్లూ మారతాయి. పటానికి అది సరైనదే. కాని 2015లో నమోదైన పదపత్రం కింద ‘అనకాపల్లి జిల్లా’ అని రావడం చారిత్రక దోషం. అబ్జర్వబుల్ తన పని తాను నిక్కచ్చిగా చేసినందువల్లనే ఈ దోషం అన్నిచోట్లకూ పాకుతుంది. కనుక ప్రవాహంలో ఊరి సంకేతసంఖ్య మాత్రమే ఉండడం మేలు. పటం ఆ సంఖ్యను బట్టి నేటి జిల్లాను చూపుతుంది. ఉటంకింపు మాత్రం పదపత్రంలో సేకరణ తేదీ పక్కన నమోదైన జిల్లానే తీసుకుంటుంది.