మీకు తెలుసా? హిట్ల రారాజుకు దక్కని గౌరవం

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అందరికన్నా ఎక్కువగా 4,256 హిట్లు కొట్టిన పీట్ రోజ్, ఆ ఆటలో అత్యున్నత గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరకుండానే 2024లో కన్నుమూశాడు. సిన్సినాటి రెడ్స్ మేనేజర్‌గా ఉంటూ బేస్‌బాల్ ఆటలపైనే పందేలు కాశాడన్న విచారణ తర్వాత 1989లో అతనిపై శాశ్వత నిషేధం పడింది. ఏళ్ల తరబడి కాదని బుకాయించి, 2004లో ఒప్పుకున్నాడు. నిషేధంలో ఉన్నవాళ్ల పేర్లు అసలు ఓటింగుకే రాకూడదని 1991లో హాల్ నియమం పెట్టింది.

అలాగే నిషేధానికి గురైన మరో ఆటగాడు షూలెస్ జో జాక్సన్‌ది అంతకన్నా చిక్కు కథ. 1919 వరల్డ్ సిరీస్‌లో కావాలని ఓడిపోయేందుకు డబ్బు తీసుకున్నారన్న కేసులో 1921లో జ్యూరీ ఆటగాళ్లను నిర్దోషులని తేల్చింది. మర్నాడే బేస్‌బాల్ కమిషనర్ లాండిస్ జాక్సన్‌తో సహా ఎనిమిది మంది ఆటగాళ్లను ఆట నుంచి వెలివేశాడు. 5,000 డాలర్లు అందాయని జాక్సన్ గ్రాండ్ జ్యూరీ ముందు చెప్పాడు. కానీ అదే సిరీస్‌లో 12 హిట్లు కొట్టాడు, బ్యాటింగ్ సగటు .375! ఓడిపోవాలనుకున్నవాడు అలా ఆడతాడా అని అభిమానులు వందేళ్లుగా అడుగుతూనే ఉన్నారు.

మరణంతో శాశ్వత నిషేధం ముగుస్తుందని 2025 మేలో కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్ ప్రకటించారు. దాంతో ఇద్దరికీ దారి తెరుచుకుంది. నా మటుకు, ఇద్దరికీ చోటివ్వాలి. ఫలకం మీద రికార్డుతోపాటు తప్పునూ చెక్కాలి. వారి పేర్లు 2027 డిసెంబరులో 16 మంది సభ్యుల కమిటీ ముందుకు రావచ్చు. ఎంపిక కావాలంటే 12 ఓట్లు పడాలి.