జారిన విన్యాసము – పునఃప్రయత్నము

బళ్ళారి నుండి హోసపేటకు పోవు రైలుమార్గమున తోరణగల్లు కలదు. ఉక్కు కర్మాగారము వలన పేరుగాంచిన ఈ ఊరిలో 2018వ సంవత్సరమున ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ అను క్రీడాశిక్షణ సంస్థ వెలసినది. ఈ సీమకు సాహసవిద్యలు క్రొత్తవి కావు. గడ నెక్కియు, త్రాటిపై నడచియు జీవనము సాగించిన దొమ్మరులను కన్నడిగులు దొంబరు లందురు. వారిలో పెక్కురకు తెలుగే ఇంటిభాష. ఊరూరను వారిని చూచి విస్తుపోయిన జనమే వారి పేరును తిట్టుగా వాడుట మన నోటికి తగిలిన మచ్చ.

ఇట్టి విద్యయే నేడు పాశ్చాత్యదేశములందు చీర్‌లీడింగ్ అను పేర పోటీక్రీడ యైనది. 2021లో దీని అంతర్జాతీయ సమాఖ్యకు ఒలింపిక్ సంఘము పూర్తి గుర్తింపు నొసగినది. ముగ్గురు నలుగురు క్రింద నిలిచి ఒక బాలికను అరచేతులపై నిలిపెదరు, ఎగురవైచి పట్టుకొనెదరు. ఆమె జారి పడినచో ఆ విన్యాసమును అప్పుడే మరల చేయవలెనా, విడిచి ముందునకు పోవలెనా యన్నది ఇందలి చిక్కుప్రశ్న.

దొమ్మరి యాటలో డోలు ఆటగాని వెంట నడచును. పోటీలో ప్రదర్శన సుమారు రెండున్నర నిమిషములే. యంత్రమున మ్రోగు సంగీతము ఎవరికొరకును ఆగదు. ఒక విన్యాసమును మరల కట్టుచుండగా తక్కిన జట్టు తరువాతి ఘట్టమునకు కదలును. అప్పుడు ఎవరి చేయి ఎచట నుండవలెనో తెలియదు. రెండవమారును పడినచో మార్కులు రెండవమారును తరుగును. కావున లెక్క చూచినను తొందరపాటు లాభసాటి కాదు.

అయితే మార్కుల లెక్క చిన్నది. పడిన బాలిక తలకు దెబ్బ తగిలెనేమో యన్నదే పెద్ద లెక్క. మెదడు అదరినదను అనుమానము కలిగినచో ఆ దినమున ఆ క్రీడాకారుని మరల ఆడింపరాదని క్రీడావైద్యుల మతము. తల తిరుగుట, తబ్బిబ్బు పడుట మున్నగు లక్షణములు కొన్ని గంటలకు గాని పొడసూపకపోవచ్చును. ఎనిమిది తాళముల వ్యవధిలో దీనిని పరీక్షించుట ఎవరి తరము? బాలిక నవ్వుచు లేచినదన్న మాత్రమున కుశలమని యెంచరాదు. నవ్వుచుండుటయే ఆమెకు నేర్పిన విద్య!

తలవైపు గాక పాదముల మీదనే దిగినప్పుడు, పట్టు కుదరకపోవుటయే కారణమని స్పష్టముగా తెలిసినప్పుడు, ప్రదర్శనలో ముందే కేటాయించిన ఖాళీ తాళములున్నచో, అదే విన్యాసమును తక్కువ ఎత్తున చూపుట తగును. అలసట వలన చేతులు సడలి పడినచో అదియు తగదు. పది క్షణములలో అలసట తీరదు గదా.

ఓటమిని ఒప్పుకొనరాదని పిల్లలకు నేర్పవలదా యని కొంద రడుగుదురు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 2000వ సంవత్సరమున సిడ్నీలో 130 కిలోల నెత్తి, పిదప 137.5 కిలోలకు సాహసించి విఫలురాలైనది. మొత్తము 240 కిలోలతో కాంస్యము గెలిచినది. భారతీయ మహిళలలో మొదటి ఒలింపిక్ పతక మది. ఆమె సాహసము మెచ్చదగినదే. కాని అచట ఇనుమును ఎత్తునది ఆమెయే, ఆ బరువును వదలి తప్పుకొనగలదియు ఆమెయే. చీర్‌లీడింగ్‌లో క్రిందివారి పట్టుదలకు పైనున్న బాలిక మెడ పందెమగును. ఎదురు జిమ్నాస్టిక్స్‌లో సైతము బీమ్ పైనుండి పడినవారికి మరల ఎక్కుటకు 10 సెకన్ల గడువు కలదు. కాని అచట పడువారును ఎక్కువారును ఒకరే.

ఈ విచారము మన పాఠశాలలకును వర్తించును. జెండా పండుగనాడు పిల్లలచే పిరమిడ్లు కట్టించు వాడుక మనకును కలదు. కూలినప్పుడు చూపరులు చప్పట్లు కొట్టి “మరల, మరల” యని కేకలు వేయుదురు. జపానులో ఒసాకా ప్రాంతపు యావో నగరమున 2015లో ఒక పాఠశాల క్రీడోత్సవమున పదియంతస్తుల పిరమిడ్ కూలి బాలురు గాయపడిరి. ఒకని చేయి విరిగినది. మరుసటి సంవత్సరము ఒసాకా నగరము తన పాఠశాలలలో పిరమిడ్లను మాన్పించినది. అంతవరకు పోనక్కరలేదని వాదించుటకు వీలున్నది. కాని మరల కట్టుటయా మానుటయా యన్నది మైదానమున చప్పట్ల నడుమ నిర్ణయింపదగినది కాదు. సాధనవేళనే నిర్ణయించి, ఆపు అధికారమును ఒక్కరి కొసగవలెను. అడుగున మోయువాడును, పైన నిలుచువాడును “వలదు” అన్నచో ఆ మాట చెల్లవలెను.

తోరణగల్లు వంటి చోట ఇంకొక సంగతి కలదు. ఒకే పిరమిడ్‌లో తెలుగు పిల్లవాడు, కన్నడ పిల్లవాడు, కర్మాగారపు కొలువునకై ఉత్తరాది నుండి వచ్చినవారి పిల్లవాడు భుజములు కలిపి నిలుతురు. ఒకడు “దిగు” అనును, ఒకడు “ఇళి” అనును, మరియొకడు “ఉతరో” అనును. ఆ మూటిలో ఏది పలికినపుడు అందరును దిగవలెనో మొదటినాడే ఏర్పరచి, నేలమీద నిలిచియుండగనే పలుమారులు పలికింపవలెను.