రెండు గీతల నడుమ నాలుగు గంటలు

గర్భధారణ, ప్రసవ సంబంధమైన కారణాలతో 2023లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 2,60,000 మంది స్త్రీలు మరణించారని ఐక్యరాజ్యసమితి సంస్థలు అంచనా వేశాయి. వీరిలో దాదాపు 70 శాతం మంది సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికా దేశాలవారు. ఈ మరణాల మీద చర్చ ఎక్కువగా ఆసుపత్రులు ఎన్ని కట్టారు, వాహనాలు ఎన్ని కొన్నారు అన్న లెక్కల దగ్గరే ఆగిపోతుంది. స్త్రీ ఆసుపత్రి గడప దాటిన తరువాత ఆమెను ఎవరైనా కనిపెట్టి చూశారా లేదా అన్నది ఆ లెక్కలకు అందదు. దానికి సాక్ష్యం చెప్పగల పత్రం ఒకటి కాన్పు గదిలోనే ఉంటుంది. ఒకే పుటలో ఇమిడే ఆ గళ్ల కాగితం పేరు పార్టోగ్రాఫ్, అనగా ప్రసవం సాగే తీరును గంటగంటకూ నమోదు చేసే పటం.

పటంలో అడ్డంగా గంటలు, నిలువుగా సెంటీమీటర్లు ఉంటాయి. గర్భాశయ ముఖద్వారం 10 సెంటీమీటర్లు తెరుచుకుంటేనే బిడ్డ బయటికి రాగలదు కనుక, పరీక్షించిన ప్రతిసారీ ఎంత తెరుచుకున్నదో నర్సు ఇంటూ గుర్తుతోను, శిశువు తల ఎంత కిందికి దిగినదో సున్నాతోను చూపుతుంది. నొప్పులకు వేరే గళ్లున్నాయి: పది నిమిషాలలో ఎన్ని నొప్పులు వస్తే అన్ని గళ్లు నింపాలి, 20 సెకన్లకు లోబడిన నొప్పికి చుక్కలు, 20 నుంచి 40 సెకన్ల నొప్పికి ఏటవాలు గీతలు, అంతకు మించితే గడి మొత్తం నలుపు. శిశువు గుండె చప్పుడును అరగంటకొకసారి రాయాలి. ఉమ్మనీరు తేటగా ఉన్నదో, బిడ్డ తొలి మలం కలిసి రంగు మారినదో గుర్తించాలి. వీటన్నిటి మధ్య రెండు ఏటవాలు గీతలు ముందే అచ్చయి ఉంటాయి. మొదటిది గంటకు ఒక సెంటీమీటరు చొప్పున పైకి సాగే హెచ్చరిక గీత. దానికి కుడివైపున నాలుగు గంటల ఎడంతో ఉండేది చర్య గీత.

ఈ గీతలు పుట్టిన చోటు తెలిస్తేనే ఆ నాలుగు గంటల అర్థం బోధపడుతుంది. నాటి రొడీషియా, నేటి జింబాబ్వే రాజధానిలో పనిచేసిన పరిశోధకులు ఫిల్‌పాట్, కాజిల్ 1972లో వీటిని ప్రకటించారు. ఊరి అంచులలోని చిన్న ప్రసూతి కేంద్రాలను శిక్షణ పొందిన మంత్రసానులు, అనగా మిడ్‌వైఫ్‌లు, నడిపేవారు. శస్త్రచికిత్స చేయగలిగినది నగరంలోని పెద్ద ఆసుపత్రి. ఇంటూ గుర్తులు మొదటి గీతను దాటితే స్త్రీని పెద్దాసుపత్రికి పంపడానికి సిద్ధపడాలి, రెండవ గీతను తాకేసరికి ఏం చేయాలో వైద్యుడు తేల్చాలి. అంటే ఆ నాలుగు గంటల ఎడంలో శరీరధర్మంతోపాటు దారి దూరం కూడా ఇమిడి ఉన్నది. దారి పొడవై, కాన్పు అడ్డుపడితే గర్భాశయం చిట్లవచ్చు. ప్రాణం దక్కినా, మూత్రాశయానికీ యోనికీ నడుమ రంధ్రం పడి మూత్రం నిరంతరం కారే ఫిస్టులా అనే స్థితి మిగలవచ్చు.

మిగిలిన చరిత్ర క్లుప్తం: అమెరికాలో వైద్యుడు ఫ్రీడ్‌మన్ 1954లో తొలి ప్రసవ రేఖాచిత్రం గీశాడు; 1987లో నైరోబీలో సురక్షిత మాతృత్వ ఉద్యమం మొదలైనాక ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పటాన్ని చేపట్టింది, 2000లో సవరించింది, 2020లో దాని స్థానంలో కొత్త పత్రం తెచ్చింది.

పటానికి గొప్ప కీర్తి తెచ్చినది 1994లో వెలువడిన అధ్యయనం. ఇండొనేషియా, థాయిలాండ్, మలేషియాలలోని ఎనిమిది ఆసుపత్రులలో 35,484 మంది స్త్రీలను పరిశీలించగా, పటం ప్రవేశపెట్టాక మితిమీరి సాగిన కాన్పులు 6.4 నుంచి 3.4 శాతానికి, నొప్పులు పెంచే మందు వాడకం 20.7 నుంచి 9.1 శాతానికి తగ్గాయి. అయితే ఆ ఆసుపత్రులకు కాగితంతోపాటు ఏ గీత దాటితే ఏం చేయాలన్న కచ్చితమైన పద్ధతి, సిబ్బందికి శిక్షణ కూడా అందాయన్న సంగతిని తరువాతి ప్రచారం మరుగుపరచింది. కేవలం పటం వాడినందువల్ల మేలు జరుగుతుందని నిశ్చయంగా చెప్పలేమని పలు అధ్యయనాలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2018 నాటి సమీక్ష తేల్చింది.

అందులో ఆశ్చర్యపడవలసినదేమీ లేదు. ఒకే నర్సు ఎందరో గర్భిణులను చూసే చోట అరగంటకొక గుండె చప్పుడు ఎవరు వింటారు? పలు దేశాల పరిశీలకులు పదేపదే చూసినది, బిడ్డ పుట్టిన తరువాత తీరిక చూసుకుని నింపిన పటాలు. అలాంటి పటంలో ఇంటూ గుర్తులు హెచ్చరిక గీత వెంట బుద్ధిగా నడుస్తాయి, తనిఖీ అధికారి సంతృప్తిగా సంతకం పెడతాడు. మచ్చలేని పటాన్ని మొదట అనుమానించాలన్నది ఈ వ్యాసం పక్షం.

మూడు ఆలస్యాలు
ప్రసూతి మరణాల వెనుక మూడు ఆలస్యాలు ఉంటాయని పరిశోధకులు థాడియస్, మెయిన్ 1994లో సూత్రీకరించారు: ఇంట్లో నిర్ణయం తీసుకోవడంలో ఆలస్యం, ఆసుపత్రి చేరడంలో ఆలస్యం, చేరాక తగిన వైద్యం అందడంలో ఆలస్యం. భారతదేశంలో 2005–06లో 38.7 శాతంగా ఉన్న ఆసుపత్రి కాన్పులు 2019–21 నాటికి 88.6 శాతానికి పెరిగాయంటే, మొదటి రెండు ఆలస్యాలు చాలావరకు తగ్గాయన్న మాట. మూడవది ఆసుపత్రి గోడల లోపలిది, పటం పట్టి చూపవలసినది దానినే.

తెలుగు రాష్ట్రాల లెక్క
ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆసుపత్రి కాన్పులు తెలంగాణలో 97, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం. సిజేరియన్లు తెలంగాణలో 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాగా దేశ సగటు 21.5 శాతమే. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులలో ఇవి 81.5 శాతం, చర్య గీత దాకా ఆగేవారు అక్కడ అరుదేమో.

ఇక పటం విషయానికి వస్తే, హెచ్చరిక గీతకు ఆధారమైన గంటకు ఒక సెంటీమీటరు అన్న కొలత ఆరోగ్యవంతులైన స్త్రీలందరికీ వర్తించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో అంగీకరించింది. రెండేళ్ల తరువాత వచ్చిన ప్రసవ సంరక్షణ పత్రంలో ఆ రెండు గీతలూ లేవు; ఒక్కొక్క సెంటీమీటరు దగ్గర ఎంతసేపు ఆగవచ్చో వేరువేరు పరిమితులున్నాయి: ఐదు దగ్గర ఆరు గంటలు, తొమ్మిది దగ్గర రెండు. ఈ వైద్య వివరాలకంటె పైన, ప్రసవిస్తున్న స్త్రీ పక్కన తోడు ఉన్నారా, నొప్పికి ఉపశమనం ఇచ్చారా, తాగడానికి ఏమైనా ఇచ్చారా అన్న ప్రశ్నలకు గళ్లు కేటాయించారు. ప్రభుత్వాసుపత్రుల కాన్పు గదిలోకి తోడుగా ఒక స్త్రీని అనుమతించాలని భారత ఆరోగ్య మంత్రిత్వశాఖ 2016లోనే ఆదేశించింది. కాన్పుకు వెళ్లే కుటుంబాలు ఆ తోడును హక్కుగా అడగాలి, లోపలికి వెళ్లినవారు పటం కాన్పు జరుగుతుండగానే నింపుతున్నారో లేదో చూడాలి.